వంతెన హోల్గర్‌కి మూడు నిమిషాలు

"ఇంతకీ ఏం చేశారండీ మీ ఆయన?" అని అడిగాడయ్యా నన్ను! మొహం మీదే! కమిటీ మీటింగులో, నేను చేసుకెళ్ళిన బాదం రొట్టె నములుతూ, ఆ ప్రెబెన్ మాస్టారు!

వింటున్నావా హోల్గర్? నిన్నే. బతికున్నప్పుడూ ఇంతే, పోయి పన్నెండేళ్ళయినా ఇంతే, ఒక్క మాటకి ఊ అనవు. ఉండు, ముందీ కలుపు పీకనీ. నీ సమాధి మీద ఈ గులకరాళ్ళలో ఎలా మొలుస్తుందో ఏంటో, మాయదారి కలుపు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు పడవలొస్తే ఈ ఊరి వంతెన ఎత్తాడు, అవి పోయాక దించాడు అన్నాను. "అది ఉద్యోగం కదా ఆస్టా గారూ. మాకు చరిత్ర కావాలి" అన్నాడు. చరిత్రట! నలభై ఏళ్ళు భూగోళం చెప్పి ఊళ్ళో పిల్లలందర్నీ నిద్రపుచ్చిన మనిషి, ఇవాళ ఎవరిది చరిత్రో తేలుస్తాడట!

నీకేంటే అంత మంట అంటావా? చెప్తా. ఈ వరుసలో సమాధులన్నీ తీసేస్తున్నారయ్యా. డబ్బు కట్టి సమాధి చోటుకి గడువు పెంచడం ఇంక కుదరదని చర్చి వాళ్ళు తేల్చేశారు. చలికాలానికల్లా ఇక్కడ ఉత్త పచ్చిక. రాళ్ళు పీకి, పిండి కొట్టి, దారుల్లో పోస్తారు. అంటే నీ పేరు మీద జనం చెప్పులతో నడుస్తారన్నమాట!

ఊరికి ముఖ్యులైనవాళ్ళ రాళ్ళు మాత్రం ఉంచుతారు. ఆ ముఖ్యులెవరో చెప్పేది మా చరిత్ర సంఘం. ఏటా జూన్‌లో సమాధుల నడక చేస్తాం చూడు, వేషాలేసుకుని రాళ్ళ పక్కన నిలబడి, వచ్చినవాళ్ళకి మనిషికి మూడు నిమిషాల చొప్పున కథ చెప్తాం, అందులో వేషం ఉన్నవాడు ముఖ్యుడు. వేషం లేదా, రాయి లేదు. అంతే.

ఆ ముఖ్యులెవరో నీకు తెలీదూ? ధాన్యం వ్యాపారి బ్రునే ఒకడు. తడిసిన గోధుమలమ్మి మేడ కట్టినవాడు. ఆ వేషం మన పళ్ళ డాక్టరుది. నల్లకోటు, పొడుగు టోపీ, చేతికేమో అడుగులు లెక్కపెట్టే వాచీ! "నేను 1926లో గుండె ఆగి చనిపోయాను" అంటాడు నవ్వుతూ. పన్ను పీకే ముందూ అదే నవ్వు.

నేనేమన్నా తక్కువ తిన్నానా? తొమ్మిదేళ్ళుగా ఆ బ్రునే పెళ్ళాం ఆగస్టా వేషం నాది. ఈకల టోపీ పెట్టుకుని "పేదలకి సూప్ పోశాను" అంటాను. ఏడాదికోసారి, క్రిస్మస్‌కి, ఒక్క గరిటె పోసిందిట ఆ మహాతల్లి. దానికి నా ఎత్తు పాలరాయి!

సరే, మాస్టారికి జాలేసిందో, రొట్టె రుచి తగిలిందో, "మూడు నిమిషాలకి సరిపడా రాసుకురండి, బాగుంటే ఓటు పెడదాం" అన్నాడు. మూడు నిమిషాలే కదా, అదెంత, అనుకున్నా.

వంటింటి బల్ల దగ్గర నాలుగు రోజులు కూర్చున్నానయ్యా. నాలుగు రోజులు! రాసిందల్లా ఇదీ: పొద్దున అయిదున్నరకి వెళ్ళాడు. సాయంత్రం వచ్చాడు. బంగాళాదుంపలు తిన్నాడు. విశేషాలేంటి అంటే, "ఏముంటాయి, పడవలొచ్చాయి, పోయాయి" అన్నాడు. గడియారం పెట్టుకుని పైకి చదివా. పంతొమ్మిది సెకన్లు.

నలభై రెండేళ్ళ కాపురం, పంతొమ్మిది సెకన్లు! ఏడుపొచ్చింది. ఆ వెనకే నీ మీద ఒళ్ళు మండింది. ఒక్క కథైనా చెప్పి చావకూడదూ?

అందుకే అబద్ధం రాశా. అవును, నేనే! ఇంకెవరు రాస్తారు? జనవరి నెల, సముద్రపాయ గడ్డకట్టింది. వంతెన పైకి లేచి ఉండగా మోటారు ఆగిపోయింది. అటువైపు అంబులెన్సు, అందులో పురిటినొప్పుల తల్లి. నువ్వేమో చేత్తో హ్యాండిల్ తిప్పి తిప్పి, అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతుంటే, వంతెన దించావు. బిడ్డకి నీ పేరే పెట్టుకున్నారు. ఎలా ఉంది? నాకే కళ్ళు చెమర్చాయంటే చూసుకో!

కమిటీలో చదివా. ఆ బిడ్డ ఎవరు, ఏ ఊరు, ఇప్పుడెక్కడున్నాడు అని ఒక్కడంటే ఒక్కడు అడిగితే ఒట్టు! చరిత్ర సంఘమట, చరిత్ర సంఘం! పళ్ళ డాక్టరు ముక్కు చీదాడు. చేతులన్నీ పైకి లేచాయి. మాస్టారైతే "ఈ పాత్ర నేనే వేస్తాను" అని కూర్చున్నాడు.

వేశాడుగా, పోయిన ఆదివారం. ఇదిగో, ఇక్కడే నిలబడి. చొక్కా చేతులు మడిచి, నోట్లో పైపు! నీ జన్మలో పైపు ముట్టావా నువ్వు? ఎక్కణ్ణించి తెచ్చాడో ఒక చక్రం, దాన్ని తిప్పుతూ మూలుగుతాడు. ఆ మూలుగులకి పురిటినొప్పులు ఈయనకేనేమో అనుకున్నారు జనం. అయినా ఏడ్చారు. చప్పట్లు కొట్టారు. చర్చి నుంచి వచ్చినావిడ కాగితం మీద ఏదో టిక్కు పెట్టుకుంది. హమ్మయ్య, మా ఆయన రాయి నిలబడింది, అనుకున్నా.

అప్పుడు చూశానయ్యా ఐనర్‌ని. నీ కింద గేట్లు చూసేవాడే, ఆ ఐనరే. ఎనభై ఆరేళ్ళు ఇప్పుడు, ఊతానికి పట్టుకునే నాలుగు చక్రాల బండి తోసుకుంటూ తిన్నగా నా వైపే వస్తున్నాడు. అయిపోయింది, కొంప మునిగింది!

"ఆస్టా, మన వంతెనకి హ్యాండిలే లేదు కదే" అన్నాడు.

"నెమ్మదిగా ఏడు, ఎవరన్నా వింటారు" అన్నా.

"అంత కథ అల్లే బదులు నన్నడగకపోయావా? నాలుగూ పది సంగతి చెప్పేవాణ్ణి."

"నాలుగూ పదేంటి?"

వాడు నా మొహంలోకి వింతగా చూశాడు హోల్గర్. "అదేంటి, నీకు తెలీదా? నీ చేపల ఫ్యాక్టరీ వదిలాక నువ్వు సైకిల్ మీద వంతెన దాటే వేళ. ఆ టైముకి ఏ పడవ హారన్ కొట్టినా వీడు ఎత్తేవాడు కాదే. 'చేపల నీళ్ళతో తడిసిన చేతులురా, ఆ గాలి తట్టుకుని గేటు దగ్గర అది నిలబడలేదు, దాటనీ' అనేవాడు. కెప్టెన్లు అమ్మనాబూతులు తిట్టేవాళ్ళు. పోర్టు ఆఫీసు రెండుసార్లు మెమో ఇచ్చింది. మానితేగా! నువ్వు దాటాకే మీట నొక్కేవాడు."

ఆ ఈకల టోపీతో అలాగే నిలబడిపోయా. ఎవరో పిల్ల వచ్చి "ఆగస్టా గారూ, ఫొటో" అంటే పళ్ళికిలించాను కూడా.

ఎందుకు చెప్పలేదయ్యా? ఒక్క మాట! నేనేమనుకునేదాన్నో తెలుసా? నీకసలు పనే లేదనుకునేదాన్ని. ఎప్పుడెళ్ళినా వంతెన దించే ఉండేది మరి. "మా ఆయన పైన కూర్చుని కునుకు తీస్తాడు, జీతమిస్తారు" అని ఫ్యాక్టరీలో అందర్నీ నవ్వించేదాన్ని. ముప్ఫై ఒక్క ఏళ్ళు నవ్వించా.

మాస్టారికి చెప్పనా? ఛ, ఎందుకు చెప్తాను? ఆ చక్రం వాళ్ళే తిప్పుకోనీ, ఆ పైపు వాళ్ళే పీల్చుకోనీ. నీ రాయి ఉంటుంది, అబద్ధం మీదే ఉంటుంది, ఉంటే ఉండనీ. అసలుది వాళ్ళ నోళ్ళలో పెట్టను.

కానీ నీకొకటి చెప్పాలి. ఇందుకే వచ్చా ఇవాళ, కలుపు కోసం కాదు. ఐనర్ వెళ్ళేటప్పుడు అన్నాడు, నేను దాటుతుంటే నువ్వు కిటికీ దగ్గరకొచ్చి చెయ్యూపేవాడివట. రోజూనట. "నువ్వూ ఊపేదానివేమో కదా?" అన్నాడు. ఊ అన్నాను.

అబద్ధం, హోల్గర్. నేనెప్పుడూ చూడనే లేదు. ఎదురుగాలి కదా, తల వంచుకుని తొక్కుకుంటూ పోయేదాన్ని.