కనుక్కొనింది నేనే అని చెప్తిని

"పెద్దమ్మా, అన్నేండ్లు కాలేజీలో పాఠం చెప్పావు కదా, నీకు ఫ్రెండ్స్ ఎవురూ లేరా?"

లేకేమి కన్నూ, ఉండె ఒకామె. సరోజ. లెక్కల మేడం... ఛ, లెక్కలు కాదు, ఫిజిక్సు. ఇద్దరమూ ఒకే సంవత్సరం ఈ కోయంబత్తూరు కాలేజీలో చేరితిమి. నేను కంప్యూటరు. అప్పుడు మాకు ఉండింది నాలుగే మిషన్లు, చెప్పులు బయట విడిచి లోపలికి పోవాల, తెలుసా! మా నాయన, అదే మీ తాత, "దండం పెట్టేదానికా పోతావు?" అని నగుతా ఉండె. సరోజ వాండ్లదీ మన తెలుగిల్లే. ఇద్దరమే ఉంటే తెలుగు, మూడో మనిషి వస్తే తమిళం.

నేను చెప్పింది సిస్టమ్సు, సెక్యూరిటీ. రీసెర్చి కూడా అదే. దొంగ ఏ సందులో దూరతాడో వాడికన్నా ముందు మనం చూడాల, అంతే.

ఒక సంవత్సరం మార్కులన్నీ కంప్యూటర్లో ఎక్కించాలనిరి. బయట కంపెనీవాండ్లు చేసిచ్చిన సాఫ్ట్‌వేరు. పరీక్షల పనంతా సరోజ చేతిలో. అప్పుడు కోకిల అని నా స్టూడెంటు, మేట్టుపాళయంలో వక్క వ్యాపారం చేసేవాండ్ల బిడ్డ, నా రూముకు వచ్చె. "మేడం, నా మార్కులు చూస్తా పైన వెబ్ అడ్రసులో ఒక నంబరు మారిస్తిని. ఇంకొకరి మార్కులు వచ్చేసె. దిద్దేదానికీ అవుతుంది. సత్యంగా నేనేమీ దిద్దలేదు మేడం" అని తమిళంలో ఏడిసె. నేనూ చేసి చూస్తిని. నిజమే.

ఆ పూటే ప్రిన్సిపాలుకు రాసిస్తిని. ఆయన అడిగిన మొదటి మాట ఏమి తెలుసా? "కనుక్కొనింది ఎవురు?" పేరు చెప్తే ఆ బిడ్డను కాలేజీ నుంచి పంపించేస్తారు. "నేనే సార్" అంటిని.

నా మీద విచారణ పెట్టిరి. ల్యాబు తాళంచెవి తీసుకొనిరి. అది పోనీ. సరోజను పిలిచి అందరి ముందర అరిచినారంట. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చి, "నాకు ఒక మాట చెప్పాలని తోచలేదా నీకు?" అనె. నిజంగా తోచలేదు కన్నూ. ఆ సందు మూయాలనే తొందరలో ఆమె జ్ఞాపకమే రాలేదు.

మూడు వారాల్లో సాఫ్ట్‌వేరు సరిచేసిరి. తాళంచెవి మళ్ళీ ఇచ్చిరి. కోకిల పాసై పోయె, ఇప్పుడు బెంగుళూరులో సెక్యూరిటీ పనే చేస్తుంది. సరోజ మాత్రం రిటైరయ్యేవరకు, ఎనిమిదేండ్లు, మాట్లాడలేదు. ఎదురైతే "వణక్కం మేడం" అని పోతా ఉండె. తమిళంలో, నాతో!

పోయిన నెల తిరుప్పూరుకు పోయి చూస్తిని, కూతురింట్లో ఉంది. కాఫీ ఇచ్చె. మోకాళ్ళ నొప్పి గురించి చెప్పె. "ముందు నీకు చెప్పి ఉండాల సరోజా, తప్పు నాదే" అంటిని. గ్లాసు తీసుకొని లోపలికి పోయె. వచ్చి, "బస్సుల్లో జనం ఎక్కువైపోతారు, బయలుదేరు" అనె. కోపమా, నా మీద అక్కరా, ఏమో... గేటు దాకా అయితే వచ్చె. గేటు దాకా వచ్చె కన్నూ.

సరి, నీకు క్లాసుకు పొద్దాయె, పో. బాగా చదువు తంగం, నా బంగారు. మంచి తోడు దొరకాల నీకు, దొరికినవాండ్లు కడదాకా నీ పక్కనే ఉండాల...