రెండు చేతుల దణ్ణం

ఈ మాట నాకు మొట్టమొదట చెప్పింది మా చెల్లెలు తెరేసమ్మండీ, పోస్టుమాస్టరు గారూ. పామర్రు సంతకెళ్లి, కూరగాయలు మానేసి ఇది మోసుకొచ్చింది. "అన్నయ్యా, కాబోయే వియ్యంకుడి మొహాన ఫోను పెట్టేశావంటగా! శౌరయ్యకెంత పొగరని ఊరంతా ఒకటే గోల" అంది.

నవ్వే గోలా, తిట్టే గోలా? అది చెప్పదు. పుట్టినప్పట్నుంచీ ఏదీ సరిగా చెప్పదు.

ఆ రోజు మీరిక్కడే ఉన్నారుగా? నేను పెట్టేశానా?... సరే, పెట్టేశాననుకోండి. ఎందుకు పెట్టానన్నది కదండీ చూడాలి!

పామర్రు నుంచి ఆ వియ్యంకుడు అబ్రహాము గారు మీ పోస్టాఫీసుకి ట్రంకు కాల్ చేశారు, రమ్మని కబురంపారు మీరు. ఉతికిన పంచె కట్టుకొచ్చా. చెప్పులు బయటే విడిచా. ఫోను మీదున్న ఆ నల్లదాన్ని తీసి నా చేతిలో పెట్టారు. "బావగారూ, నమస్కారమండీ! మా అమ్మాయికీ మీ జాన్‌బాబుకీ ఈ ఆదివారం గుళ్లో పెళ్లి మొదటి చాటింపు వేయించమంటారా?" అన్నాడాయన.

మరి నేను తిరిగి దణ్ణం పెట్టొద్దూ? వియ్యంకుడికి ఒంటి చేత్తో పెడతామా? అందుకని ఆ నల్లదాన్ని తీసినచోటే పదిలంగా పెట్టి, రెండు చేతులూ జోడించా. మళ్లీ తీస్తే మనిషి లేడు!

ఇందులో పొగరెక్కడుందండీ?

ఏంటలా చూస్తారు? ఆఁ, తర్వాత మళ్లీ మోగింది. నిజమే. "వెళ్లిపోయానని చెప్పండి" అని మీ చెవిలో అన్నదీ నిజమే. మీకు జ్ఞాపకం ఎక్కువండీ.

ఇప్పుడేమో ఆ పొగరుబోతింటికి పిల్లనివ్వనని కూర్చున్నాడాయన. ఫాదరు గారు గుళ్లో మూడు ఆదివారాలు చాటింపు వేస్తేనే పెళ్లి. ఈ ఆదివారం తప్పితే, మూడూ పూర్తయ్యేలోపే తపస్సు కాలం వచ్చేస్తుంది, ఇక ఈస్టరు దాకా పెళ్లిళ్లుండవు. ఈలోగా ఆ పిల్లకి వేరే సంబంధం చూస్తారంట. మావాడికి అన్నం సయించడం లేదు. కంచం ముందు కూర్చుని గోడకేసి చూస్తాడు.

బస్సెక్కి వెళ్లి చెప్పొచ్చుగా అంటారా? బాగుందండీ! మగపెళ్లివారం, మేమే ముందు వాళ్ల గడప తొక్కాలా? పైగా పోయినేడు గుణదల తిరునాళ్లలో నన్ను చూసి కూడా కూర్చోమని చాప జరపలేదాయన. నేనేం మర్చిపోలా.

ఫోనుకే అలవాటు పడదామని చూశానండీ. మా ఆవిడ అమలమ్మని తలుపవతల నిలబెట్టి, వియ్యంకుడిలా మాట్లాడమన్నా. "బావగారూ!" అని గొంతు లావు చేసి అరిచింది. ఇవతల నాకు చెమటలు! అది నవ్వీ నవ్వీ, "పెళ్లిచూపులప్పుడు ఇలాగే తలుపు సందులోంచి తెగ మాట్లాడారుగా?" అంది.

అప్పుడు సందులోంచి దాని కన్ను కనపడిందండీ.

అదీ అసలు సంగతి. నా బతుకంతా మనిషి కళ్లల్లోకి చూసే మాట్లాడా. గొడ్ల బేరమైనా, తగువు తీర్చడమైనా అంతే. కళ్లు చూస్తే ఎదటోడి మనసు తెలుస్తుంది, నాకు మాటొస్తుంది. దీంట్లో ఏముంది? వట్టి గొంతు! చెవిలో దూరింది, నా నాలుక పిడచగట్టుకుపోయింది. దణ్ణం పెట్టాలన్నది కూడా... ఆ నల్లదాన్ని చేతిలోంచి వదిలించుకోడానికి అదొకటి దొరికింది, అంతే.

చెప్పేశాగా. ఇక చాలు, అలా జాలిగా చూడకండి, నాకు గిట్టదు.

పామర్రుకి కాల్ పెట్టండి. మీరే మాట్లాడండి. చదువుకున్నారు, సర్కారు మనిషి, మీ మాట నమ్ముతాడు. శౌరయ్యకి పొగరు కాదు, ఫోనంటే భయం, కళ్లారా చూశానని చెప్పండి. చాటింపు వేయించమన్నాడనీ చెప్పండి. నేను బయట అరుగు మీద కూర్చుంటా.

ఒక్క మాటండీ. పామర్రులో భయమనే చెప్పండి. మన ఊళ్లో ఎవరన్నా అడిగితే మాత్రం, పొగరనే ఉండనివ్వండి.