ఏ లోటూ లేదు

సాయంత్రం. కోడలు అప్పుడే యూనివర్సిటీ నుంచి వచ్చింది. మామగారు హాల్లో కుర్చీలోంచి లేవలేదు. ఎదురుగా వంటగది తలుపుకి తాళం ఉంది.

“...అందరిదీ ఒకటే మాట మామయ్యా. ‘మాకే లోటూ లేదమ్మా.’ రికార్డింగంతా అదే. మా గైడు విని, ఇది వృద్ధుల కష్టాల మీద పరిశోధనా, సన్మాన సభా అన్నారు.”

“లోటు లేకపోతే లేదనరా మరి?”

“అంతమంది పెద్దవాళ్ళలో ఒక్కరికి కూడా ఇంట్లో కష్టం లేదా?”

“ముసలాళ్ళు అను. పరవాలేదు.”

“తప్పు నాదే. మీ స్నేహితులందర్నీ ఒకచోట కూర్చోబెట్టాను. గుంపులో ఎవరూ బయటపడరు. ఒక్కొక్కరినీ విడిగా అడగాల్సింది. గుంపైతే ఒక్క పూటలో తేలిపోతుందని ఆశపడ్డాను. ఇప్పుడు ఆ చాప్టరంతా మళ్ళీ చెయ్యాలి. లేకపోతే ఈ ఏడు డిగ్రీ రాదు.”

“చెయ్యి.”

“మీతోనే మొదలుపెడదామని.”

“విడిగానా?”

“విడిగానే.”

“అడిగేదెవరు?”

“నేనే.”

“అయితే గుంపే నయం.”

“అదేంటి మామయ్యా, నేనేమన్నా పరాయిదాన్నా?”

“కాదు. అదేగా బాధ.”

“సరే, ఒక్కటి చెప్పండి. మధ్యాహ్నం ఆకలేస్తే ఏం చేస్తారని ఆ రోజు అడిగానా? అందరూ ఒక్కసారిగా గమ్మునైపోయారు. టైలరుగారు దగ్గారు. డ్రైవరుగారు క్రికెట్టు ఎత్తుకున్నారు. కాంపౌండరుగారైతే...”

“వాడేమన్నాడు?”

“మీరక్కడే ఉన్నారుగా.”

“నీ నోట విందామని.”

“‘మా ఇళ్ళల్లో కోడళ్ళు బంగారం’ అన్నారు. నేలకేసి చూస్తూ అన్నారు. పాపం, ఆయనకి వాళ్ళ కోడలు అన్నం పెట్టదా?”

“పెడుతుంది. రెండు కంచాల్లో పెడుతుంది.”

“రెండెందుకు?”

“పరిశోధన చేసేదానివి నువ్వు. నువ్వే చెప్పు.”

“...మామయ్యా, మీకు డబ్బా పెట్టే వెళ్తున్నానుగా.”

“పెడుతున్నావు. చల్లారిన డబ్బా. అది పది దాటేసరికి అయిపోతుంది. నువ్వొచ్చేసరికి చీకటి పడుతుంది. మధ్యలో కాస్త టీ కాచుకుందామంటే అదిగో, తాళం.”

“మీరు స్టవ్ ఆపడం మర్చిపోయారని...”

“ఒక్కసారి.”

“ఇల్లు అంటుకునేది.”

“అంటుకోలేదు. గిన్నె మాడింది. గిన్నె కొత్తది కొన్నావు. తాళం అలాగే ఉంది.”

“ఒక్క మాట అడిగితే తీసేదాన్నిగా.”

“నా ఇంట్లో నేను అన్నం అడుక్కోవాలా? మీ అత్త ఉన్నన్నాళ్ళూ నేను నోరు తెరిచి అడిగింది లేదు.”

“మరి వాళ్ళకి... చెప్పుకున్నారా?”

“నేనెందుకు చెప్తాను? కాంపౌండరు ఓ మధ్యాహ్నం వచ్చి మంచినీళ్ళడిగాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. వాడే లేచి వెళ్ళాడు. తాళం చూసి వచ్చి, దాహం లేదులే అన్నాడు. మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనానికి వాళ్ళింటికి పిలుస్తున్నాడు. మిగతావాళ్ళూ వచ్చినప్పుడు చూశారు.”

“అంటే ఆ రోజు అందరికీ తెలుసా?”

“తెలుసు. నువ్వు మా మధ్య ఫోను పెట్టి ఆకలి గురించి అడుగుతుంటే ఎవడు మాట్లాడతాడు? తమ ఇళ్ళ కష్టాలు కూడా మింగేశారు. ఒకడు మొదలుపెడితే వంతు నాదాకా వస్తుందని. నా పరువు కాచారు. నీది కూడా.”

“...తలెత్తుకోలేకపోతున్నాను మామయ్యా.”

“రాసుకో. చాప్టరుకి పనికొస్తుంది.”

“ఇదిగో తాళంచెవి. ఇకనుంచి మీ దగ్గరే ఉండనివ్వండి. అసలు తాళమే తీసేస్తాను.”

“ఆ బల్ల మీద పెట్టు.”

“పెట్టాను.”

“ఇప్పుడు ఫోనులో రికార్డింగు నొక్కు. ఆ ప్రశ్న విడిగా అడుగు.”

“వద్దు మామయ్యా.”

“డిగ్రీ కావాలన్నావుగా. అడుగు.”

“...రేపటినుంచి... మధ్యాహ్నం ఆకలేస్తే ఏం చేస్తారు?”

“కాంపౌండరు ఇంటికి వెళ్తాను.”