‘ఒకరినొకరు’ అనే మాట

గౌరవనీయులైన మెజిస్ట్రేటు వారి సముఖానికి వినయపూర్వక నమస్కారాలు. తేదీ, స్థలం ఇక్కడ రాయడం లేదు. అవి కోర్టు వారికి తెలుసు. తెలియవలసినవారు మరెవరూ లేరు.

నా పేరు ఎలియేజరి షెకాలాగె. వయసు డెబ్బై ఒకటి. మిషన్ బడిలో భాషోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నా మాటలు రాసుకున్న పోలీసు రెండు చోట్ల క్రియను తప్పు రాశాడు. అందుచేత ఈ వాంగ్మూలం నేనే రాస్తున్నాను.

కొండ మీది నుంచి గాలి దిగే మధ్యాహ్నం వేళ, నా పొరుగు రైతు యోనా షెమ్‌డోల్వా తన చేలో మొక్కజొన్న కొయ్యకాళ్లకు నిప్పు పెట్టబోయాడు. గాలి తగ్గేదాకా ఆగమని కంచె దగ్గర నిలబడి చెప్పాను.

"బడిలో మీరు చెప్పండి మాస్టారూ. చేలో నేను చూసుకుంటా," అన్నాడు.

ఊరి పెద్దను పిలుచుకురావడానికి వెళ్లాను. మేము వచ్చేసరికి నా ఇంటి గడ్డికప్పు అంటుకుని ఉంది. లోపల నా భార్య నవోమి ఉంది. పక్షవాతంతో మంచం దిగలేని మనిషి. ఆమె మంచం తలుపు దగ్గరే వేసి ఉండేది. తలుపు దగ్గరే.

ఆమెను పాతిపెట్టిన తరువాతి ఆదివారం ప్రభుభోజనం. మా సంఘంలో పగ ఉన్నవారు ముందు అందరి ఎదుట చేతులు కలపాలి. ఆ తరువాతే బల్ల దగ్గరకు రావాలి. యోనా నా దగ్గరకు వచ్చి "పోలె, మాస్టారూ" అన్నాడు. పోలె అనేది కాలికి రాయి తగిలినవాడికీ, జ్వరం వచ్చినవాడికీ దారిన పోయేవారెవరైనా చెప్పే ఓదార్పు మాట. నిప్పు పెట్టనివారందరూ ఆ మాట నాకు అప్పటికే చెప్పి ఉన్నారు. 'నన్ను క్షమించండి' అనే వాక్యం వేరే ఉంది. ఆ రెంటికీ గల భేదాన్ని యోనాకు నా తరగతిలో నేనే నేర్పాను. అతడికి తెలుసు.

అప్పుడు పాస్టరుగారు మా చేతులు కలిపి, 'ఒకరినొకరు క్షమించుకుందాం' అని ఇద్దరినీ పలకమన్నారు. యోనా వెంటనే పలికాడు.

"నేనితనికి ఏం చేశానని ఇతను నన్ను క్షమించాలి?" అని అడిగాను.

"మాటవరసకు మాస్టారూ. ఇక్కడ కూడా వ్యాకరణమేనా?" అన్నారు పాస్టరుగారు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

"నవోమి కాలిపోయింది మాటవరసకు కాదండీ," అన్నాను.

చేయి విడిపించుకుని బయటికి వచ్చాను. నేను తల ఊపానని, క్షమించానని, కనుక కేసు కొట్టివేయాలని సంఘపెద్దలు తమరికి పెట్టుకున్న అర్జీ అబద్ధం. తల ఊపలేదు. క్షమించలేదు. చట్టం అనుమతించినంత శిక్ష యోనాకు పూర్తిగా వేయవలసిందని, అందులో ఒక్క పూట కూడా తగ్గించవద్దని కోరుతున్నాను.

ప్రభువు నేర్పిన ప్రార్థన నేను మరిచానని పాస్టరుగారు అంటున్నారు. మరవలేదు. ఇతరులను మనం క్షమించినట్టే మనకూ క్షమాపణ అన్నది సంశ్లిష్ట వాక్యం; ఒక భాగం లేనిదే రెండోది నిలవదని ఏటేటా పిల్లలకు విడదీసి చూపించినవాణ్ణి. ఇప్పుడు గుడిలో ఆ వాక్యం వచ్చేసరికి నోరు మూసుకుంటున్నాను, అది దాటాక అందుకుంటున్నాను. నాకు క్షమాపణ దొరకదని తెలిసే మూసుకుంటున్నాను. నవోమి పరలోకంలో ఉంది. అక్కడ ఆమెను చూడబోనని కూడా తెలుసు. ఆ వెల కూడా యోనా ఖాతాలోనే వేయండి.

ఇందులో ఉన్నదంతా నిజం. ఎవరూ చెప్పించలేదు, ఎవరూ దిద్దలేదు. కింది సంతకం నా చేతిదే.

ఎలియేజరి షెకాలాగె

మనవి: యోనాను ఎదుట నిలబెట్టి దీన్ని బిగ్గరగా చదివించండి. అతడికి ఎడమ చెవి వినబడదు. కుడివైపు నిలబడి చదవాలి.