వసారాలో బల్బు

తుర్విహాళ పక్క, ఆంధ్రా నుంచొచ్చిన రైతుల క్యాంపులో యలమందయ్యగారింటికి కరెంటొచ్చిన సాయంత్రం. ఉన్నది ఆయనా, భార్య రాజ్యలక్ష్మీ, వైరింగు చేసిన రాయచూరు జగన్నాథూ. ఆయనగారి జోరు ఆపడం మనవల్ల కాదు గానీ, వినండి.

“వసారాలో ఒకటి, గొడ్లచావిట్లో ఒకటి. ఇంకెక్కడ కావాలే రాజ్యం?”

“వంటింట్లో.”

“మళ్ళీ అదే మాట! పొయ్యి మండుతుంటే ఆ వెలుగు చాలదూ?”

“అన్నంలో రాయొచ్చిందని నిన్న కంచం విసిరారుగా. ఆ వెలుగులో ఏరిన బియ్యమేనండీ అవి.”

“కళ్ళు పెట్టి ఏరాలి. నువ్వు చెప్పవయ్యా జగన్నాథ్, రాబోయే రోజుల్లో గోడగోడకీ స్విచ్చులుంటాయా లేదా?”

“ఉంటయి సావుకారూ. రాయచూర్ల ఒకరింట్ల నీళ్ళు గూడ కరెంటుతోనే కాగుతున్నయి.”

“విన్నావా? పప్పు రుబ్బడం, బట్టలుతకడం, అన్నీ కరెంటే చేస్తుంది. ఆడాళ్ళు కాళ్ళు చాపుకు కూర్చోడమే!”

“ఆ రుబ్బేదేదో వసారాలో రుబ్బుతుందాండీ?”

“ఎగతాళా? ఇప్పుడు మన కరెంటు చూడ్డానికొచ్చేది శివరామకృష్ణయ్యగారు. వాళ్ళ క్యాంపుకింకా స్తంభాలే రాలా. ఆయన చూసేది వసారానా, నీ మసి గోడలా?”

“ఆ మసంతా నా కళ్ళల్లోకే పోతోంది. పొద్దుగూకితే తడుముకుంటున్నా. గొడ్డుకున్న పాటి నాకు లేదా? ఒక్క బల్బండీ, ఒక్కటి.”

“వచ్చే ఏడు చూద్దాంలే. ఇదిగో, మెయిన్ స్విచ్చెక్కడ పెట్టావయ్యా? వసారాలో కనబళ్ళేదే!”

“వంటింట్ల.”

“వంటింట్లోనా! ఎవడు పెట్టమన్నాడు?”

“మీరే గద. ముందట స్తంభం పాతుతమంటే వరిమడి పాడైతదని లైనోళ్ళ మీదికి కర్ర తీస్కొని పోయిండ్రంట. వాళ్ళు ఎనక కాలువగట్టుకు పాతిండ్రు. తీగ ఎనకనించి వస్తే మెయిన్ గూడ ఎనకగోడకే. నేనేం జేస్త?”

“సరే, ఏడవనీ. వెలుగుతోందిగా. అదిగో, బండి గట్టు దిగింది! రాజ్యం, మజ్జిగ... అరె! అరెరె, ఇదేంటయ్యా, ఆరిపోయింది! కరెంటు పోయిందా?”

“పోలేదండీ. ఇక్కడ వంటింట్లో మెయిను నేనే ఆపా.”

“నీకేమన్నా మతిపోయిందా? ముట్టుకుంటే షాకు కొడుతుంది!”

“కొట్టలా. ఇట్టే కిందికొచ్చింది.”

“వెయ్యి! బండి వాకిట్లోకొచ్చేస్తోంది, పరువు పోతుంది, వెయ్యవే!”

“వసారా బల్బు తీగతో సహా ఊడదీసి పొయ్యి పైన బిగించమనండి, వేస్తా.”

“జగన్నాథ్! నువ్వన్నా వెళ్ళి...”

“అమ్మ మెయిన్ ముంగట నిలబడింది సావుకారూ. చేతిల అట్లకాడ ఉంది.”

“పోనీ, గొడ్లచావిట్లోది తీసి...”

“వసారాదే.”

“సరే, ఊడదియ్యవయ్యా! తొందరగా, తొందరగా!”

“యలమందయ్యగారూ! ఏంటిది, కరెంటొచ్చిందని కబురంపారు, వసారా అంతా చీకటిగా ఉందే?”

“రండి శివరామకృష్ణయ్యగారూ, రండి. కరెంటుకేం, నిక్షేపంగా ఉంది. ఇటు... ఇటు, వంటింట్లోకి రండి.”

“చెప్పులు బయట విడిచి రమ్మనండి.”