ఒకటో నంబరు బిళ్ల

గోదావరిఖనిలో పోశం మెస్సు. దాన్ని కొనబోయే లింగమూర్తి కాగితాలతో వచ్చే వేళైంది. లోపల కూతురు శోభ బ్యాగు సర్దుతుంటే, పోశం భార్య సారవ్వ చీరలు అందిస్తోంది.

"రెండే చీరలాయె. ఇంకేవి, అవ్వా?"

"రెండు చాలు."

"చాలుడేంది? శ్రీరాంపూర్‌కు చుట్టపుచూపుకొస్తున్నవా? ఇగ నా దగ్గర్నే ఉంటవు. మెస్సు అమ్ముతున్నం, యాదున్నదా?"

"యాదున్నది. మిగతయి మెల్లగ తెచ్చుకుంట. శోభా, గోడ మీద తినేటోళ్ల నంబరు బిళ్లలు ఎవరు ముట్టిండ్రు?"

"నేనే. లింగమూర్తి కాక వస్తడు గద, మసి పట్టి ఉంటే ఏం బాగుంటది? నలభై బిళ్లలు సబ్బుతోని కడిగి, నంబర్ల లెక్కన తగిలిచ్చిన."

"ఒకటో నంబరు తిప్పి ఉన్నది."

"అవును. తిప్పిన."

"ఎందుకు తిప్పినవు?"

"అది బాపుది. ఊరికి పోయినోని బిళ్ల తిప్పాలె గద. మెస్సు కాయిదా. గనిల హాజరు బిళ్లలు చూసి బాపు పెట్టిందే."

"పోయేటోడు తిప్పి పోవాలె. ఆయన తిప్పలే. తిప్పకపోతే బియ్యం పోసుడే. గది గూడ కాయిదానే."

"అందుకేనా రోజూ ఒక పల్లెం మిగులుతది? మొన్న కాక అడిగిండు. బిళ్లలు నలభై, తినేటోళ్లు నీతోని కలిపి ముప్పై తొమ్మిది, ఇంకొకడేడి అని. ఏం చెప్పినవు?"

"సెకండ్ షిఫ్టుల ఉన్నడన్న."

"పదహారేండ్ల షిఫ్టు ఏ గనిల ఉంటది అవ్వా?"

"ఆ బ్యాగు గట్ల కుక్కకు, జిప్పు పోతది. ఆయన పోయిననాడు అంగీలు నేనే మలిచి పెట్టిన, ఒక్క మడత పోలే."

"ఎన్ని పెట్టినవు?"

"ఏంది?"

"అంగీలు."

"...రెండు."

"పెద్దపల్లి పోయి మాపటికొస్తనన్న మనిషికి రెండు అంగీలెందుకు?"

"పొయ్యి మీద పప్పున్నది. అడగలే. అన్నం ఉంచుమన్నడు, ఉంచుత అన్న. గంతే."

"సారక్కా! ఉన్నవా?"

"రా లింగమూర్తీ. తిన్నవా?"

"సంతకాలైనంక నీ చేతి పప్పే తింట. అన్నీ అయినయి అక్కా, ఒక్క వరుసనే ఖాళీ ఉన్నది. లైసెన్సు పోశమన్న పేరు మీదున్నది గద. ఆయన ఎప్పుడు పోయిండు, మళ్ల వచ్చిండా లేదా, నీ నోటితోని చెప్పాలెనట."

"ఆయనొచ్చి ఆయనే చెప్తడు. పది దినాలు ఆగు."

"పోయినసారి గూడ పదే అన్నవు. నేను ఆగుత. రేపు ఫస్టు షిఫ్టోళ్లకు డబ్బాలు ఎవరు కట్టియ్యాలె? చేతులు వణుకుతున్నయి, గంజి మీద పోసుకున్నవు."

"శోభ చెప్పిందా?"

"నీ కాలుకున్న కట్టు చెప్పింది."

"కాకా, జర కూసో. అవ్వా, ఇటు చూడు. బాపు బిళ్ల మళ్ల సక్కగ పెట్టిన. నీకు చెప్పకుండ తిప్పుడు నాదే తప్పు. ఇగ నీ ఇష్టం."

"లింగమూర్తీ, మెస్సు నీదైనంక ఒకటో నంబరుకు బియ్యం పోస్తవా?"

"అబద్ధం చెప్ప అక్కా. పొయ్య."

"మంచిది. శోభా, ఆ నీలం చీర పెట్టు. నేత చీరలు, దుప్పటి గూడ. అన్నీ పెట్టు."

"లేస్తున్నవేంది? ఎటు?"

"నువ్వు ఎత్తుల తగిలిచ్చినవు, అందుతలేవు. ఆ పీట తే."

"నేను తిప్పుతనే!"

"వద్దు. రెండో నంబరు నాది. తిప్పిన. నేను చెప్పే పోతున్న."

"అవ్వా, ఇగ దిగు. పడతవు."

"ఆగు. ఇంకోటున్నది... ఆఁ, తిప్పిన. లింగమూర్తీ, రాసుకో."

"చెప్పు అక్కా."

"పోశం. రెండువేల తొమ్మిది, జూన్ పద్దెనిమిది, బేస్తారం. పొద్దుగాల ఏడు గంటల బస్సుకు పెద్దపల్లి పోయిండు. మళ్ల రాలే."