ఖాళీ గ్లాసు

హలో… ఆ, నేనే. తల్లుల వాట్సాప్ గ్రూపు నడిపే టైలరుని. మీరు… ఓహో, పండు వాళ్ళ నాన్నగారా! మీ ఫోన్ కోసమే చూస్తున్నా.

ఆ చప్పుడా? కుట్టుమిషను. కాలు దాని మీదున్నా చెవి మీ దగ్గరే ఉంది, చెప్పండి.

ఏంటీ… మీ ఆవిణ్ణి గ్రూపులోంచి తీసేయాలా? కుదరదండి… ఎందుకంటే, ఆ మాట ఆవిడ అడగాలి.

… మేమేం నూరిపోశాం? రెండు నెలల పసిబిడ్డతో రోజంతా ఒక్కత్తే కూర్చుని ఏడుస్తోంది, డాక్టరుకి చూపించుకోమన్నాం. అది నూరిపోయడమైతే మళ్ళీ నూరిపోస్తాం!

… గొంతు తగ్గించండి బాబూ, పాప లేస్తుంది.

సరే గానీ, ఆవిడ ఫోన్ ఎవరి దగ్గరుంది? … ఆవిడ దగ్గరేనా? మరి పొద్దున టీ గ్లాసు ఫోటో పెట్టిందెవరు? … ఆవిడే? అబ్బో!

మా గ్రూపులో రోజూ పదింటికి అందరం గ్లాసు ఫోటో పెడతాం. ఖాళీ గ్లాసు. పిల్లల గోలలోనూ వేడి టీ తాగేశాను, బానే ఉన్నాను అని గుర్తు. నిన్నా ఇవాళా పండు వాళ్ళమ్మ పేరు మీద వచ్చింది నిండు గ్లాసు, పొగలు కక్కుతూ… ఆ టీ అయినా ఆవిడకిచ్చారా? … అనుకున్నాలే.

… అవును, ఆ ఫోటోలు పెట్టింది మీరేనని కనిపెట్టేశాం. మూతి తుడుచుకొచ్చి ఏం తినలేదనే పిల్లల్ని పెంచుతున్నవాళ్ళం, మీరో లెక్కా!

… పోలీసులనా? పిలవండి. ఒకావిడ మా గ్రూపులోనే ఉంది.

బెల్ మోగింది కదూ? … మావాళ్ళే. నర్సమ్మా, బేకరీ అక్కా… అడ్రసా? పండుకి గౌను కుట్టి పంపింది ఆ ఇంటికేగా!

… తలుపు తీయరా? మెట్ల మీదే కూర్చుంటారు. బేకరీ అక్క బన్నులు పట్టుకొచ్చింది, సాయంత్రందాకా ఢోకా లేదు… మీ ఇంటి ముందు ఆడాళ్ళెందుకు కూర్చున్నారో పక్కింటివాళ్ళకి మీరే చెప్పుకోండి.

… తీశారా. మంచిది. ఫోన్ ఆవిడకివ్వండి.

… అమ్మా! నేను, టైలరక్కని… ఏడు, పర్లేదు. నువ్వే తప్పూ చేయలేదు. పాపని నర్సమ్మకివ్వు. బేకరీ అక్క తెచ్చిన ఫ్లాస్కులో టీ ఉంది, కూర్చుని తాగు… ఆయన చూస్తున్నాడా? చూడనీ.

ముందు నీ ఫోన్ అడిగి తీసుకో… అడుగు, నేను లైన్లోనే ఉన్నా… ఇంకొంచెం గట్టిగా… హమ్మయ్య, వినబడింది! … ఇచ్చాడా?

అయితే ఆయన ఫోన్ ఆయనకిచ్చేయ్. నీ దాంట్లోంచి నాకు చెయ్యి.